ఇంట్లో హింసను గుర్తుపట్టడం, సాయం అందుకోవడం: హైదరాబాద్‌లో ఉన్నవారికి అంచెలంచెలుగా

ఇప్పుడే ప్రాణభయం ఉంటే ఇది చదవడం ఆపి 112కి ఫోన్ చేయండి. మాట్లాడే వీలుంటే మొదట అడ్రస్ చెప్పండి, ఆ తర్వాతే విషయం. లైన్ మధ్యలో తెగిపోయినా పోలీసులకు చేరాల్సింది అడ్రసే.

ప్రాణభయం లేకపోతే నెమ్మదిగా చదవండి. ఇందులోని వరుసకు ఒక కారణం ఉంది. ముందు ప్రాణం, తర్వాత కాగితం, ఆ తర్వాతే కేసు. చాలామంది కోపంలోనో దుఃఖంలోనో నేరుగా మూడో మెట్టు ఎక్కేస్తారు. ఆధార్ కార్డు అత్తగారి బీరువాలో, పిల్లల సర్టిఫికెట్లు భర్త బ్యాగులో, బంగారం జాయింటు లాకర్లో ఉండిపోతాయి. నాలుగు రోజుల తర్వాత వాటికోసమే మళ్లీ ఆ ఇంటి గడప తొక్కాల్సి వస్తుంది.

1. ముందు మీ చేతిలో ఉన్న ఫోన్ సంగతి

మీ ఫోన్ ఇంకొకరు చూస్తారన్న అనుమానం ఉంటే, దీన్ని నమ్మకమైన వారి ఫోన్లో చదవండి. మీ ఫోన్లోనే చదవక తప్పకపోతే, చదివాక బ్రౌజర్ హిస్టరీలో ఈ ఒక్క పేజీనే తీసేయండి. హిస్టరీ మొత్తం ఖాళీగా కనిపిస్తే అదే కొత్త అనుమానానికి దారి తీస్తుంది.

చూసుకోవాల్సినవి:

☐ వాట్సాప్‌లో "లింక్డ్ డివైసెస్" తెరవండి. మీకు తెలియని కంప్యూటర్ అక్కడ కనిపిస్తే మీ చాట్లు ఇంకెవరో చదువుతున్నారు.
☐ గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ ఎవరికి ఆన్‌లో ఉందో చూడండి.
☐ మీ జీమెయిల్ ఇంకే ఫోన్లలో లాగిన్ అయి ఉందో చూడండి. గూగుల్ ఫోటోస్ అక్కడ కూడా తెరుచుకుంటుంటే, మీరు తీసిన గాయాల ఫోటోలు అవతలివాళ్లకూ కనిపిస్తాయి.
☐ క్యాబ్, బైక్ ట్యాక్సీ యాప్‌లలో మీ ప్రయాణాలన్నీ మిగిలిపోతాయి. యూపీఐతో కట్టిన ఆటో చార్జీ కూడా అంతే.
☐ అపార్ట్‌మెంట్‌లో గేటు యాప్ ఉంటే, మీకోసం క్యాబ్ వచ్చినా, మనిషి వచ్చినా ఆ ఫ్లాట్ పేరు మీదున్న ఫోన్లన్నింటికీ మెసేజ్ వెళ్లవచ్చు. వెళ్లే రోజు క్యాబ్‌ను గేటు లోపలికి పిలవకండి.

తెలియని లింకులన్నీ ఒకేసారి తెంపేయకండి. పట్టు జారిందని తెలిసిన రోజే హింస పెరుగుతుంది. వెళ్లేదాకా పాత ఫోన్‌ను ఉన్నదున్నట్టు ఉంచండి. సాయం కోసం చేసే ఫోన్లు అమ్మ ఫోన్ నుంచో, ఆఫీసు నుంచో, పక్కింటి అక్క ఫోన్ నుంచో చేయండి.

2. ఇది హింసేనా? ఎలా గుర్తుపట్టాలి

"ఒక్క దెబ్బే కదా", "తాగినప్పుడు మాత్రమే", "కోపం తగ్గాక ఏడుస్తాడు, కాళ్లు పట్టుకుంటాడు". ఈ మాటలు అనుకుంటూ ఏళ్లు గడిచిపోతాయి. దెబ్బలు లెక్కపెట్టడం మానేసి మిమ్మల్ని మీరు ఒక్క ప్రశ్న అడగండి: ఈ ఇంట్లో నేను ఒక పని చేసేముందు, ఒక మాట అనేముందు, ఒక మనిషికి ఫోన్ చేసేముందు భయపడుతున్నానా?

భార్యాభర్తల గొడవలో ఇద్దరూ అరుస్తారు, ఇద్దరూ అలుగుతారు, మర్నాడు ఇద్దరూ మామూలుగా ఉంటారు. హింసలో భయం ఎప్పుడూ ఒకరి వైపే ఉంటుంది. సాయంత్రం గేటు చప్పుడు విని పిల్లలు టీవీ కట్టేసి పుస్తకం పట్టుకుంటుంటే, ఆ ఇంటి సంగతి మీకంటే ముందు వాళ్లకు అర్థమైందని లెక్క.

2005 నాటి గృహహింస చట్టం నాలుగు రకాల హింసను గుర్తిస్తుంది.

శారీరక హింస: కొట్టడం, నెట్టడం, జుట్టు పట్టి లాగడం, కాల్చడం, గదిలో పెట్టి తాళం వేయడం. తిండి, మందులు అందకుండా చేయడం కూడా ఇందులోకే వస్తుంది.

లైంగిక హింస: ఇష్టం లేకుండా బలవంతం చేయడం, అసభ్యమైన వీడియోలు చూపించి అలాగే చేయమనడం. పద్దెనిమిదేళ్లు నిండిన భార్యపై భర్త చేసే బలాత్కారాన్ని మన శిక్షాస్మృతి ఇంకా అత్యాచారంగా చూడటం లేదు. కానీ గృహహింస చట్టం కింద అది హింసే. దాని మీద కోర్టును రక్షణ ఉత్తర్వు అడగవచ్చు. చట్టంలో దారి లేదనుకుని ఎంతోమంది ఈ విషయాన్ని ఫిర్యాదులో రాయకుండా వదిలేస్తున్నారు. రాయండి.

మాటలతో, మనసుకు చేసే హింస: పిల్లలు పుట్టలేదని, ఆడపిల్ల పుట్టిందని, కట్నం తక్కువైందని, రంగు తక్కువని ఎత్తిపొడవడం. పుట్టింటికి వెళ్లనివ్వకపోవడం. ప్రతి కాల్‌కీ "ఎవడు వాడు" అనడం. "నువ్వు వెళితే ఉరేసుకుంటా" అని బెదిరించడం.

ఆర్థిక హింస: దీన్ని గుర్తుపట్టేవాళ్లు చాలా తక్కువ. జీతం పడిన రోజే ఏటీఎం కార్డు తీసుకోవడం, పాలప్యాకెట్‌కు కూడా లెక్క అడగడం, ఉద్యోగం మాన్పించడం, మీ బంగారం తాకట్టు పెట్టడం, మీ పేరున పొదుపు సంఘంలో అప్పు తీయించి వాయిదాలు మీ నెత్తిన వేయడం. ఐటీ కంపెనీలో మంచి జీతం ఉన్న అమ్మాయి చేతిలో బస్సు చార్జీ కూడా లేని ఇళ్లు ఈ నగరంలో ఉన్నాయి.

ఈ చట్టం భార్యలకు మాత్రమే కాదు. తండ్రి, అన్న కొడుతున్నా, కొడుకు వేధిస్తున్నా, పెళ్లి కాకుండా కలిసి ఉంటున్న మనిషి హింసిస్తున్నా వర్తిస్తుంది. ఏ మతంవారైనా వాడుకోవచ్చు. 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత అత్త, ఆడపడుచుల మీద కూడా నేరుగా ఫిర్యాదు చేయవచ్చు. అరవై దాటిన తల్లిదండ్రులకు వేరే చట్టం, 14567 అనే వేరే హెల్ప్‌లైన్ ఉన్నాయి. దెబ్బలు తింటున్న మగవారికి ఈ చట్టం వర్తించదు గానీ 112, మామూలు క్రిమినల్ ఫిర్యాదు వాళ్లకూ ఉన్నాయి.

3. ఈ గుర్తులుంటే ఇక ఆగవద్దు

☐ ఒక్కసారైనా గొంతు పట్టుకుని నులిమాడు
☐ చంపుతానన్నాడు, లేదా కత్తి, పెట్రోలు, కిరోసిన్, గ్యాస్ పేరెత్తాడు
☐ కడుపుతో ఉన్నప్పుడు కొట్టాడు
☐ కొట్టడం ఈ మధ్య తరచుగా, ఇంకా తీవ్రంగా జరుగుతోంది
☐ మీ వెంటే తిరుగుతున్నాడు, ఆఫీసు ముందు కాపు కాస్తున్నాడు
☐ విడిపోతానని మీరు ఇటీవలే చెప్పారు

అన్నింటిలోకీ మొదటిదే ప్రమాదకరం. గొంతు నులిమితే బయటికి ఒక్క గీత కూడా కనిపించకపోవచ్చు, లోపల వాపు గంటల తర్వాత మొదలు కావచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగేటప్పుడు నొప్పి, కళ్లలో ఎర్రటి చుక్కలు, తల తిరగడం, ఆ కాసేపు ఏం జరిగిందో గుర్తులేకపోవడం, ఇలాంటివి ఉంటే అదే రాత్రి ఆసుపత్రికి వెళ్లాలి. గాంధీ, ఉస్మానియా రెండింటిలోనూ క్యాజువాల్టీ రాత్రింబవళ్లూ ఉంటుంది.

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పెద్దమనుషుల పంచాయితీకి ఒప్పుకోకండి. నలుగురి ముందు పరువు పోయిందన్న కోపమంతా ఆ రాత్రి తలుపు మూశాక మీ మీదే తీరుతుంది.

4. ఆ ఇంట్లోనే ఉంటూ తీసుకోవాల్సిన జాగ్రత్తలు

వెళ్లాలా వద్దా అన్నది మీ నిర్ణయం. ఈ రోజే తేల్చుకోనక్కర్లేదు. ఈ జాగ్రత్తలు మాత్రం ఈ రోజు నుంచే కావాలి.

గొడవ మొదలయ్యేటట్టు ఉంటే వంటింట్లో, బాత్రూమ్‌లో ఉండకండి. వంటింట్లో కత్తి, స్టవ్ ఉంటాయి. బాత్రూమ్‌కు రెండో దారి ఉండదు, నేల జారుతుంది. బయటి తలుపుకు దగ్గరున్న గదిలోకి జరగండి.

పక్కింటివారిలో ఒకరికి ముందే చెప్పి ఉంచండి: "మా ఇంట్లోంచి కేకలు వినబడితే మీరు లోపలికి రావద్దు, 112కి ఫోన్ చేయండి." ఫోన్లో వాడటానికి ఒక మామూలు మాట ఎంచుకోండి. "అమ్మా, గోంగూర పచ్చడి పంపు" అంటే పోలీసులకు చెప్పమని అర్థం. పిల్లలకు కూడా ఒక పని నేర్పండి: అడ్డం రాకూడదు, పక్కింటికి పరుగెత్తాలి.

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్ వరుసగా ఐదుసార్లు నొక్కితే అత్యవసర కాల్ వెళ్లే ఏర్పాటు ఉంటుంది. కొన్ని ఫోన్లలో కాల్‌కు ముందు పెద్దగా సైరన్ మోగుతుంది. పక్క గదిలో మనిషి ఉన్నప్పుడు అది మోగితే ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. సెట్టింగ్స్‌లో ఆ శబ్దం ముందే ఆపి పెట్టండి.

5. ఆధారాలు: ఏవి, ఎలా, ఎక్కడ దాచాలి

కేసు వేసినా వేయకపోయినా ఈ పని మొదలుపెట్టండి.

ఫోటోలు: దెబ్బకు రెండు ఫోటోలు ఉండాలి. ఒకటి ముఖం, గాయం రెండూ కనిపించేలా కాస్త దూరం నుంచి. రెండోది దగ్గరగా, పక్కన రూపాయి బిళ్ల పెట్టి. కమిలిన దెబ్బ మొదటి రోజు ఎర్రగా మాత్రమే ఉంటుంది, రెండు మూడు రోజులకు నీలంగా, నల్లగా తేలుతుంది. అప్పుడు మళ్లీ తీయండి. విరిగిన గాజులు, పగిలిన ఫోన్, చిరిగిన బట్టలు కూడా తీసి పెట్టుకోండి.

ఆసుపత్రి కాగితం: ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. "బాత్రూమ్‌లో జారిపడ్డాను" అని చెబితే చీటీ మీద అదే ఎక్కుతుంది. ఏడాది తర్వాత కోర్టులో అవతలి వకీలు మొదట తీసేది ఆ చీటీనే. పక్కన భర్తో అత్తో నిలబడి ఉంటే, డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడాలని నర్సును అడగండి. "మా ఆయన కొట్టాడు" అని చెప్పండి, దాన్ని మెడికో లీగల్ కేసుగా (ఎమ్మెల్సీ) రాయమని అడగండి. ఎమ్మెల్సీ నంబర్ రాసుకోండి, ఓపీ చీటీ పారేయకండి.

డైరీ: నోటు పుస్తకంలో కంటే నమ్మకమైన స్నేహితురాలికి పంపే మెసేజ్ మేలు, తేదీ దానంతట అదే పడుతుంది. "మళ్లీ కొట్టాడు" అని రాస్తే పనికిరాదు. ఇలా ఉండాలి:

"మార్చి 12 బుధవారం రాత్రి సుమారు తొమ్మిదిన్నరకు, కూకట్‌పల్లిలో మేముంటున్న అద్దె ఇంట్లో, మా నాన్న ఇవ్వాల్సిన లక్ష ఇంకా రాలేదని కుడి చెంప మీద రెండుసార్లు కొట్టాడు. జుట్టు పట్టి గోడకేసి నెట్టాడు. నుదుటి మీద బొప్పి కట్టింది. పాప చూసింది. ఎదురింటి ఆంటీ తలుపు కొట్టింది."

తేదీ, వేళ, చోటు, అన్న మాట, చేసిన పని, అయిన గాయం, చూసినవాళ్లు. ఈ ఏడూ ఉంటే అది ఆధారం.

మెసేజ్‌లు, ఆడియో: తిట్ల మెసేజ్‌లు డిలీట్ చేయకండి. స్క్రీన్‌షాట్‌లో అవతలి నంబర్, తేదీ రెండూ కనిపించాలి. భార్యాభర్తల మధ్య మాటల్ని రహస్యంగా రికార్డు చేసినా వైవాహిక కేసుల్లో వాటిని సాక్ష్యంగా చూడవచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. రికార్డు చేసిన అసలు ఫోన్ జాగ్రత్త చేయండి, అమ్మేయకండి, ఫార్మాట్ చేయకండి. ఎలక్ట్రానిక్ ఆధారానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి, మీ వకీలు తయారు చేస్తారు.

దాచే చోటు: ఇంట్లో వద్దు. కొత్త మెయిల్ ఐడీ తెరిచి దానికి పంపండి. పాస్‌వర్డ్ పిల్లల పేరో పెళ్లిరోజో కాకూడదు. ఆ మెయిల్‌ను మీ ఫోన్లో లాగిన్ చేసి ఉంచకండి.

6. సంచి, డబ్బు, బంగారం

ఇవన్నీ ఒకే రోజు పోగుచేయకండి. రెండు మూడు వారాల్లో ఒక్కొక్కటిగా బయటికి చేర్చండి.

☐ ఆధార్, పాన్, పాస్‌పోర్టు, ఓటరు కార్డు, రేషన్ కార్డు
☐ పిల్లల జనన ధ్రువపత్రాలు, ఆధార్, స్కూలు ఫీజు రసీదులు, టీకాల కార్డు
☐ మీ చదువు సర్టిఫికెట్లు, ఉద్యోగపు కాగితాలు
☐ పెళ్లి ఫోటోలు, శుభలేఖ, మ్యారేజీ సర్టిఫికెట్ లేదా నిఖానామా
☐ అద్దె అగ్రిమెంటు లేదా కరెంటు బిల్లు, ఆ ఇంట్లో మీరు ఉన్నారని చూపడానికి
☐ భర్త పే స్లిప్, బ్యాంకు స్టేట్‌మెంట్ ఫోటోలు, భరణం అడిగేటప్పుడు కావాలి
☐ రోజూ వేసుకునే మందులు పదిహేను రోజులకు, వాటి చీటీలు, కళ్లజోడు
☐ ఇద్దరు ముగ్గురి ఫోన్ నంబర్లు కాగితం మీద
☐ పిల్లలకు రెండు జతల బట్టలు, చిన్నదానికి అలవాటైన దుప్పటో బొమ్మో

అసలు కాగితాలు తీస్తే తెలిసిపోతుందనుకుంటే రెండు వైపులా ఫోటో తీసుకోండి. ఆధార్, పాన్ డిజీలాకర్‌లో దొరుకుతాయి, కానీ ఓటీపీ మీ ఆధార్‌కు కట్టిన నంబరుకే వస్తుంది. అది భర్త నంబరైతే ముందు ఆధార్ సేవా కేంద్రానికి వెళ్లి మార్పించుకోండి.

డబ్బు సంగతి. ఇప్పుడున్న బ్యాంకులో కాకుండా వేరే బ్యాంకులో మీ ఒక్కరి పేరున ఖాతా తెరవండి. పాస్‌బుక్, కార్డు వచ్చే అడ్రస్ పుట్టింటిదో స్నేహితురాలిదో ఇవ్వండి. ఉద్యోగం ఉంటే జీతం ఖాతా మార్పు వెళ్లిన తర్వాతి నెల నుంచి చేయించండి, ముందే చేస్తే ఆ నెలే బయటపడుతుంది.

బంగారం: పెళ్లిలో మీకు పెట్టింది మీ స్త్రీధనం, అత్తగారు పెట్టిందైనా సరే. నగ పేరు, ఎన్ని తులాలు, ఎవరు పెట్టారు, బిల్లు ఉందా, పెళ్లి ఆల్బమ్‌లో ఏ ఫోటోలో ఉంది, ఇలా పట్టిక రాయండి. బిల్లులు లేకపోయినా ఫోటో పక్కన పెట్టిన పట్టికకు విలువ ఉంటుంది.

7. ఏ పనికి ఏ తలుపు తట్టాలి

అన్ని చోట్లా ఒకే కథ చెప్పి అలసిపోవడం ఇక్కడ మామూలు. అందుకే ఏది దేనికో తెలుసుకుని వెళ్లండి.

112: ఇప్పుడు జరుగుతున్నదాన్ని ఆపడానికి.

181: మహిళా హెల్ప్‌లైన్, ఇరవై నాలుగు గంటలూ. ఏం చేయాలో తోచనప్పుడు మొదటి ఫోన్ దీనికే. దగ్గరలోని సఖి కేంద్రానికి వీళ్లే కలుపుతారు.

సఖి కేంద్రం: కౌన్సెలింగ్, వైద్యం, న్యాయసలహా, పోలీసు సాయం ఒకే చోట. తాత్కాలికంగా ఐదు రోజుల దాకా ఉండనిస్తారు. పెద్ద మగపిల్లలుంటే వయసు పరిమితి గురించి ముందే అడగండి. ఆ తర్వాత కూడా చోటు కావాలంటే ప్రభుత్వ హోమ్‌కు పంపుతారు.

భరోసా కేంద్రం: అసెంబ్లీ ఎదురుగా హాకా భవన్‌లో, 2016లో నగర పోలీసులు మొదలుపెట్టారు. లైంగిక హింస, పిల్లలపై హింస ఉన్న కేసుల్లో ప్రత్యేకంగా ఉపయోగపడుతుంది.

15100: ఉచిత న్యాయసాయం. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. నెలకు లక్ష సంపాదిస్తున్నా సరే. ఈ సంగతి తెలియక అప్పు చేసి ఫీజు కట్టేవాళ్లు ఎందరో.

జాతీయ మహిళా కమిషన్: 7827170170. పిల్లలకు ప్రమాదం ఉంటే 1098. బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే 14416, తెలుగులోనే మాట్లాడతారు.

స్వచ్ఛంద సంస్థల్లో భూమిక నగరంలో ఏళ్లుగా ఆడవారికోసం హెల్ప్‌లైన్ నడుపుతోంది. పాతబస్తీలో షాహీన్ పనిచేస్తోంది. ఉర్దూలో చెప్పుకోవాలనుకునేవారికి అది మంచి చోటు.

8. వెళ్లే రోజు

బయటికి అడుగు పెట్టే రోజు, ఆ తర్వాతి కొన్ని వారాలే అన్నింటికంటే ప్రమాదకరమైన కాలం. అందుకే "నేను వెళ్లిపోతున్నా" అని ముందుగా చెప్పకండి, ఉత్తరం రాసి పెట్టకండి.

అతను పనిలో ఉండే వేళ, పగలు, మామూలు రోజు ఎంచుకోండి. పిల్లలు స్కూల్లో ఉంటే నేరుగా అక్కడి నుంచే తీసుకెళ్లండి. చేతిలో కూరల సంచి ఉంటే వాచ్‌మన్ గానీ ఎదురింటివారు గానీ రెండోసారి చూడరు. పెద్ద సూట్‌కేసు చూస్తే ఫోన్ చేస్తారు.

చేతిలో డబ్బు లేకపోయినా ఆగవద్దు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకంలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు చార్జీ లేదు. తెలంగాణ అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. యూపీఐలో జాడ కూడా మిగలదు.

పుట్టింటికి వెళితే మొదట వెతికేది అక్కడే. 3వ అంశంలోని గుర్తులు ఉన్నవారు తొలి వారం పుట్టింటికి కాకుండా సఖి కేంద్రానికో, అతనికి తెలియని బంధువుల ఇంటికో వెళ్లడం మంచిది.

చేరిన రోజే దగ్గరి పోలీస్ స్టేషన్‌లో ఒక కాగితం ఇవ్వండి: ప్రాణభయంతో, నా ఇష్టంతో, నా పిల్లలతో బయటికి వచ్చాను, క్షేమంగా ఉన్నాను, నా అడ్రస్ ఎవరికీ చెప్పవద్దు. లేకపోతే అటువైపు నుంచి మిస్సింగ్ కేసో, పిల్లల్ని ఎత్తుకెళ్లిందన్న ఫిర్యాదో వచ్చి పోలీసులే మిమ్మల్ని వెతుకుతారు.

పిల్లల్ని వదిలి రావాల్సి వస్తే ఆ రోజే ఆ విషయం పోలీసులకు, 1098కి చెప్పండి. నెలలు గడిస్తే "తల్లే వదిలేసింది" అన్న మాట కాగితం ఎక్కుతుంది.

9. పోలీస్ స్టేషన్‌లో

2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి 498ఏ సెక్షన్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 85, 86 సెక్షన్లు వచ్చాయి. భర్త, అతని బంధువుల క్రూరత్వానికి మూడేళ్ల దాకా జైలు, జరిమానా. మీరు చెప్పుకోలేని స్థితిలో ఉంటే మీ తల్లిదండ్రులు, తోబుట్టువులు కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు.

అత్తగారిల్లు గుంటూరులో ఉన్నా, ఆశ్రయం పొందిన హైదరాబాద్‌లో కేసు పెట్టవచ్చని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి.

ఫిర్యాదు ఇంటి దగ్గరే తెలుగులో రాసుకుని వెళ్లండి. మొదటి పేరాలో పెళ్లి తేదీ, పిల్లలు, ఇప్పటి అడ్రస్. తర్వాత చివరి ఘటన, ఆ వెనక అన్నింటికంటే పెద్దవి మూడో నాలుగో తేదీలతో. చివర మీరు కోరేది. రెండు ప్రతులు తీసుకెళ్లి రెండో దానిమీద ముద్ర, తేదీ వేయించుకోండి.

ఒక మాట నొక్కి చెప్పాలి. కోపంలో ఊళ్లో ఉన్న పెదమామగారి దగ్గర్నుంచి అమెరికాలో ఉన్న మరిది దాకా అందరి పేర్లూ రాయకండి. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో చెప్పలేని పేర్లు నిజమైన కేసును కూడా బలహీనం చేస్తాయి. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసునే, అలాంటి గంపగుత్త ఆరోపణల కారణంగా 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది.

మహిళా పోలీస్ స్టేషన్‌లో కౌన్సెలింగ్‌కు పిలుస్తారు. మీకు ఇష్టమైతేనే కూర్చోండి. భయపెడుతున్న మనిషి ఎదురుగా కూర్చోలేనంటే విడిగా మాట్లాడమని అడగవచ్చు. వారాల తరబడి తిప్పుతుంటే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయమని రాతపూర్వకంగా కోరండి. అప్పటికీ కాకపోతే అదే ఫిర్యాదును స్పీడ్ పోస్టులో డీసీపీకి పంపండి, తర్వాత మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి.

స్టేషన్‌లో చదవకుండా దేనిమీదా సంతకం పెట్టకండి. "ఇద్దరం రాజీ పడ్డాం, ఇక ఏ గొడవా లేదు" అన్న కాగితం మీద ఏడుస్తూ పెట్టిన సంతకం చాలాకాలం వెంటాడుతుంది.

ఫిర్యాదు ఇవ్వగానే అరెస్టు చేస్తారని అనుకోవద్దు. ఈ సెక్షన్ కింద సాధారణంగా ముందు నోటీసు ఇచ్చి పిలుస్తారు. నోటీసు అందిన రాత్రి అతను ఏం చేయవచ్చో ఊహించి, అప్పటికే సురక్షితమైన చోట ఉండండి.

10. మేజిస్ట్రేట్ దగ్గర: కేసుకన్నా ముందు కావాల్సిన రక్షణ

జైలుకు పంపడం మీ ఉద్దేశం కాదనుకుందాం. దెబ్బలు ఆగాలి, ఉండటానికి ఇల్లు, పిల్లలకు ఖర్చు కావాలి. దానికి గృహహింస చట్టం 12వ సెక్షన్ కింద దరఖాస్తు. మీరే వేయవచ్చు, జిల్లాలోని రక్షణ అధికారి ద్వారా వేయవచ్చు. రక్షణ అధికారి మీ మాటలు విని గృహహింస నివేదిక రాసి కోర్టుకు పంపుతారు. 181కి గానీ సఖి కేంద్రానికి గానీ చెబితే వారి దగ్గరికి పంపుతారు. మీరిప్పుడు తాత్కాలికంగా ఉంటున్న చోటి కోర్టులోనైనా వేయవచ్చు.

అడగదగ్గవి:

☐ కొట్టకుండా, ఆఫీసుకు, పిల్లల స్కూలుకు రాకుండా రక్షణ ఉత్తర్వు
☐ ఆ ఇంట్లోనే ఉండే హక్కు, లేదా వేరే ఇంటికి అద్దె
☐ నెలవారీ ఖర్చు, వైద్యం బిల్లులు
☐ పిల్లల తాత్కాలిక కస్టడీ
☐ స్త్రీధనం, సర్టిఫికెట్లు తిరిగి ఇప్పించడం
☐ నష్టపరిహారం

"ఇల్లు మా నాన్న పేరున ఉంది, నీకు హక్కు లేదు" అన్న బెదిరింపు ఈ ఊళ్లో చాలా వాడుక. ఆ ఇంట్లో మీరు కాపురం ఉంటే, అది అత్తమామల పేరున ఉన్నా, నివాస హక్కు అడగవచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అది అక్కడ ఉండే హక్కు, ఆస్తిలో వాటా కాదు. ఈ తేడా తెలియక ఆశపడి తర్వాత కుంగిపోవద్దు.

చట్టం ప్రకారం మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో, తీర్పు అరవై రోజుల్లో రావాలి. వాస్తవంలో చాలా ఆలస్యమవుతుంది. అందుకే దరఖాస్తుతోపాటే 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు, అంటే తీర్పు వచ్చేదాకా పనిచేసే ఉత్తర్వు కోరండి. దాన్ని మర్చిపోతే నెలలు ఖాళీ చేతులతో గడుస్తాయి. భరణం అడిగేవారు, ఇచ్చేవారు ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. మీ జీతం దాచకండి, దొరికితే మిగతా మాటలూ నమ్మరు.

రక్షణ ఉత్తర్వు దాటితే అది మళ్లీ వేరే నేరం. ఏడాది దాకా జైలు, ఇరవై వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఉత్తర్వు నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి. ఒక ప్రతి మీరుంటున్న చోటి స్టేషన్‌లో ఇచ్చి ముద్ర వేయించుకోండి, ఒకటి ఫోన్లో ఉంచుకోండి.

11. పక్కింటివారు, తోబుట్టువులు, స్నేహితులు

"నువ్వే సర్దుకుపో", "పిల్లల మొహం చూడు" అనవద్దు. "ఇంకా ఎందుకు ఉంటున్నావ్" అని కూడా అనవద్దు. ఆమె వెళ్లి మళ్లీ తిరిగొచ్చినా తలుపు మూయకండి. చాలామంది ఒక్కసారిలో బయటపడలేరు.

అనాల్సినవి చిన్నవి. "నీ మాట నమ్ముతున్నా." "ఇందులో నీ తప్పు లేదు." "నీ కాగితాలు నా దగ్గర పెట్టు." "అర్ధరాత్రయినా ఫోన్ చెయ్."

కేకలు వినబడితే కాలింగ్ బెల్ కొట్టి "కొంచెం పంచదార ఉందా" అని అడగడం చాలాసార్లు ఆ చెయ్యిని ఆపుతుంది. ఆయుధం ఉందనిపిస్తే మాత్రం వెళ్లకండి, 112కి చెప్పండి. గృహహింస గురించి సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారిపై ఏ బాధ్యతా ఉండదని ఈ చట్టం 4వ సెక్షన్ చెబుతోంది. అతన్ని మీరుగా నిలదీయడం మాత్రం వద్దు. "పక్కింటావిడకు చెప్పుకున్నావా" అని ఆ రాత్రి ఆమెనే కొడతాడు.

12. బయటికి వచ్చాక మొదటి నెల

☐ కొత్త సిమ్, కొత్త మెయిల్. పాత ఫోన్ ఆధారం కాబట్టి స్విచ్చాఫ్ చేసి దాచండి.
☐ బ్యాంకు, యూపీఐ పిన్‌లు, నామినీ పేర్లు మార్చండి. మీరు హామీ పెట్టిన అప్పులు, మీ పేరున తీసిన అప్పులు ఎన్నున్నాయో సిబిల్ నివేదికలో (మీ పేరున ఉన్న అప్పుల చిట్టా) చూడండి.
☐ ఆఫీసులో హెచ్ఆర్‌కు, గేటు దగ్గర సెక్యూరిటీకి అతని ఫోటో ఇచ్చి లోపలికి పంపవద్దని చెప్పండి.
☐ ఒకే దారిలో, ఒకే వేళకు రాకపోకలు చేయకండి.
☐ ఫేస్‌బుక్, ఇన్‌స్టాలో ఏమీ పెట్టకండి. పిల్లల ఫోటో వెనక కనిపించే స్కూలు బోర్డు చాలు, చోటు తెలిసిపోవడానికి.

అతని ఫోన్లు ఎత్తాల్సి వస్తే పిల్లల విషయం మాత్రమే, అదీ మెసేజ్‌లోనే. రెండో వారంలో క్షమాపణలు, బంధువుల రాయబారాలు, "అమ్మకు గుండెనొప్పి" అన్న కబుర్లు వస్తాయి. "చివరిసారి ఒక్కసారి కలుద్దాం" అంటే ఒంటరిగా వెళ్లవద్దు. కలవక తప్పకపోతే వకీలు ఆఫీసులోనో స్టేషన్‌లోనో, మీవాళ్లు పక్కనుండగా కలవండి.

పిల్లల స్కూలు ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి: ఎవరెవరు వస్తే పిల్లల్ని పంపాలో పేర్లు, ఫోన్ నంబర్లు, ఫోటోలతో. కోర్టు ఉత్తర్వు వచ్చాక దాని నకలు జత చేయండి, అంతవరకు తండ్రిని అడ్డుకునే అధికారం తమకు లేదని స్కూలువాళ్లు అనవచ్చు. క్లాస్ టీచర్‌కు, స్కూలు బస్సు ఆయాకు విడిగా చెప్పండి. సాయంత్రం మూడున్నరకు గేటు దగ్గర నిలబడేది వాళ్లే.